తలకిందుల బుట్ట

అనగా అనగా, మంచు ముందు పుట్టిందా సముద్రం ముందు పుట్టిందా అని అడిగితే ముసలివాళ్ళు కూడా తల గోక్కునేంత పాతకాలంలో, ఉత్తరాన ఒక చలిరాజ్యం ఉండేది.

అక్కడి సముద్రం నల్లగా, చల్లగా, నిద్రపోతున్నట్టుండేది. వేలు ముంచితే వేలు మొద్దుబారేది. పొద్దున్న పూట నీళ్ళమీద మంచు ఎంత దట్టంగా పరుచుకునేదంటే, పడవలు నీళ్ళలో వెళుతున్నాయో మబ్బుల్లో వెళుతున్నాయో తెలిసేది కాదు.

ఆ నీళ్ళ అడుగున, నలభై బారల లోతులో, ఒక రాళ్ళ ఊరు ఉండేది. గోపురాల్లాంటి రాళ్ళు, గుహల్లాంటి రాళ్ళు, మెట్లు మెట్లుగా దిగిపోయే రాళ్ళు. వాటి సందుల్లో చేపలు కాపురం ఉండేవి. కొన్ని ఎర్రవి, కొన్ని పసుపుచారలవి, కొన్ని ఒళ్ళంతా నల్లమచ్చలవి. అవి ఎక్కడికీ పోవు. ఒకసారి ఏ సందులో చేరాయో ఆ సందులోనే పెరిగి, అక్కడే ముసలివవుతాయి. పెరగడం కూడా మహా నెమ్మది. ఒక చేప తల్లి కావాలంటే ఇరవై చలికాలాలు గడవాలి. కొన్ని నూరేళ్ళు బతుకుతాయి. పైన రాజులు మారిపోతుంటారు. కింద అదే చేప, అదే రాయి.

ఒడ్డున ఒక పల్లె. ఆ పల్లెకి పొలాల్లేవు, తోటల్లేవు. చలికాలం నాలుగు నెలలూ రాళ్ళ ఊరి చేపలే వాళ్ళ తిండి. బయటినుంచి వచ్చే కాసిని గింజలు గంజికే చాలేవి. గాలం వేసి, ఆ పూటకి ఎన్ని కావాలో అన్నే పట్టుకుని, పడవ తిప్పేసేవాళ్ళు.

ఆ రాజ్యాన్ని హిమకేతుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయన మంచివాడు. నిజంగానే మంచివాడు. చెడ్డవాడైతే ఈ కథ ఇంత పొడుగయ్యేది కాదు.

ఆయనకి గాలం వేయడమంటే ప్రాణం. దారం నీళ్ళలోకి దిగుతుంటే ఆయన మనసూ దాంతోపాటే దిగేది. అడుగున ఏదో తాకి, దారం వేలిమీద సన్నగా వణికితే, ఆయన ఒళ్ళంతా వణికేది. కానీ చేపని చంపడం ఆయనకి ఇష్టం లేదు. అందుకని తనకొక పద్ధతి పెట్టుకున్నాడు. పట్టడం, కళ్ళారా చూడటం, వదిలేయడం.

ఆ పద్ధతే పెద్దదై పెద్దదై పండుగైంది. ఏటా మంచుమాసంలో మూడు రోజులు ‘విడుపు పండుగ’. ఏడు పడవలు కట్టుకుని రాజూ పరివారమూ రాళ్ళ ఊరి మీదకి వెళ్ళేవాళ్ళు. ఆ మూడు రోజులూ పల్లె పడవలు నీళ్ళలో దిగకూడదు. రాజు గాలం వేసి, అడుగునుంచి ఒక చేపని లాగి, దాని నుదురు వేలితో తట్టి, “వెళ్ళిరా తల్లీ” అని నీళ్ళలో వదిలేవాడు. శంఖం మోగేది. బుట్టెడు పూలలోంచి ఒక గుప్పెడు చల్లేవాళ్ళు. పడవ ముందుకు సాగిపోయేది.

వెనక్కి మాత్రం ఎవరూ చూసేవాళ్ళు కాదు. ఆ నియమం పెట్టినవాడు మంత్రి కీర్తివల్లభుడు.

“మహాప్రభూ, ఇచ్చినదాన్ని తిరిగి చూసుకోవడం దాతకి తగదు. వదిలామా, వదిలాం. ముందుకు సాగిపోవాలి. అదీ గొప్పదనం,” అన్నాడాయన.

రాజుకి ఆ మాట నచ్చింది. వెనక్కి చూడకుండా ఇవ్వడం ఎంత అందమైన సంగతో అనుకున్నాడు. జనం ఆయన్ని దయాసముద్రుడన్నారు.

రాజుగారి పడవకి చుక్కాని పట్టేది మరిడి. పల్లె పిల్లే. పాతికేళ్ళది. నీళ్ళకింద ఏ రాయి ఎక్కడ మొదలై ఎక్కడ తెగుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. చుక్కాని పట్టేవాళ్ళు పడవకి చిట్టచివర నిలబడతారు కదా. అందుకని పడవలో అందరికన్నా వెనకున్నది మరిడే. కాస్త మెడ తిప్పితే చాలు, వదిలిన చేప ఏమైందో కనిపించేది.

ఏమయ్యేదో చెబుతాను వినండి.

రాళ్ళ ఊరి చేప కడుపులో చిన్న గాలితిత్తి ఉంటుంది. లోతులో నీళ్ళ బరువుకి అది ఒదిగి ఉంటుంది. చేపని చకచకా పైకి లాగేస్తే ఆ బరువు తొలగిపోతుంది. తిత్తి ఉబ్బుతుంది. పొట్ట బంతిలా అవుతుంది, కళ్ళు బయటికి పొడుచుకొస్తాయి. ఇక పాపం ఆ చేప ఎంత కొట్టుకున్నా కిందికి దిగలేదు. ఇల్లు కిందే ఉంది, దారి తెలుసు, కానీ పోలేదు. తేలుతూ ఉండిపోతుంది. కాసేపటికి పైనుంచి తెల్లపిట్టలు వాలతాయి.

పల్లెలో ఈ సంగతి అందరికీ తెలుసు. అందుకే పల్లె పడవలన్నిట్లోనూ ఒక తలకిందుల బుట్ట ఉండేది. పొరపాటున చిన్న చేపో, కడుపుతో ఉన్న చేపో పైకొస్తే, దాన్ని నీళ్ళలో పెట్టి, పైన బుట్ట బోర్లించేవాళ్ళు. బుట్ట అంచుకి నాలుగు రాళ్ళు, బుట్ట వీపుకి తాడు. మెల్లగా దింపేవాళ్ళు. చేప తేలాలని చూస్తుంది, బుట్ట దాన్ని కిందికి తోస్తుంది. దిగేకొద్దీ తిత్తి మళ్ళీ ఒదుగుతుంది. లోతుకి వెళ్ళాక చేపకి ఒంట్లో ఓపిక వస్తుంది. బుట్ట మూతి కిందే తెరిచి ఉంటుంది కాబట్టి, జారుకుని ఇంటికి వెళ్ళిపోతుంది.

పండుగ మొదలైన మొదటి ఏడు మరిడి ఆ బుట్టని రాజుగారి పడవలో కూడా పెట్టింది. కీర్తివల్లభుడు దాన్ని చూసి ముక్కు మూసుకున్నాడు.

“ఏమిటిది?”

“చేపల్ని దింపే బుట్టండి.”

“రాజుగారు వదిలిన చేపమీద బుట్ట బోర్లిస్తావా? ఒడ్డున చూసే జనం ఏమనుకుంటారు? ఇచ్చినట్టే ఇచ్చి మళ్ళీ పట్టుకుంటున్నారనుకోరూ? తీసెయ్, తీసెయ్.”

మరిడి తీసేసింది. ఆ సాయంత్రం ఒడ్డున, పల్లె అంతా చూస్తుండగా, మంత్రి ఆమెకి ఎర్రటి శాలువా కప్పించాడు. ఆ తర్వాత ఆమె బుట్ట ఊసే ఎత్తలేదు. రాజుగారి పడవలోనూ బుట్ట ఉందనే పల్లె అనుకుంది. అలా ఒక ఏడు కాదు, రెండేళ్ళు కాదు, ఆరేళ్ళు గడిచాయి.

ఏడో ఏట ఏమైందంటే, పండుగ మొదటి రోజున రాజు పొద్దున్నుంచీ గాలం వేసినా నాలుగు చేపలే పడ్డాయి. ఒకప్పుడు ఆ వేళకి నలభై పడేవి. దారం దిగుతుంది, రాళ్ళని తాకుతుంది, ఊరికే పడి ఉంటుంది. ఖాళీ ఇళ్ళ తలుపు తట్టినట్టు.

“నా చేపలకి ఏమైంది?” అన్నాడు రాజు. ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి.

“ఏమవుతుంది మహాప్రభూ,” అన్నాడు కీర్తివల్లభుడు. “తమరు వదులుతున్నారు. పల్లెవాళ్ళు పట్టి తినేస్తున్నారు. దయ ఒక చేత్తో పోస్తుంటే, ఆశ రెండు చేతులతో తోడేస్తోంది.”

రాజు దారం పైకి చుట్టేశాడు. చివరికి అన్నాడు. “మూడో రోజు పొద్దుగూకే వేళకి పల్లె పడవలన్నీ ఒడ్డుకి లాగించండి. తెడ్లు విరగ్గొట్టించండి. ఇకమీదట రాళ్ళ ఊరి మీద ఎవరూ గాలం వేయకూడదు.”

చుక్కాని దగ్గర మరిడి ఆ మాట విన్నది. తెడ్లు విరిగితే పల్లె చలికాలం ఏం తింటుంది? నోరు తెరిచింది. మంచు నోట్లోకి వెళ్ళింది. మళ్ళీ మూసుకుంది.

ఆ మాట ఆమెకన్నా ముందే ఒడ్డు చేరింది. ఆమె దిగేసరికి మేనత్త పైడమ్మ గాలాలు తోముకుంటూ కూర్చుని ఉంది. పైడమ్మ నోటికి పల్లెలో పిల్లులు కూడా భయపడేవి.

“రండర్రా రండి, రాజుగారి సరంగు వేంచేసింది. చాప వెయ్యండి!” అంది, చెయ్యి ఆపకుండానే.

“అత్తా, ఊరుకో.”

“నేనెందుకు ఊరుకుంటానే? ఎల్లుండికి విరగబోయే తెడ్లున్నాయి చూడు, అవి ఊరుకున్నాయి. పోయి వాటితో మాటాడుకో.”

“నేనేం చెయ్యగలనత్తా?”

“నోరు లేదా నీకు? ఆ శాలువా కప్పింది భుజాలమీదేగా, నోటిమీద కాదుగా! మేం ఎక్కువ పట్టడం లేదని ఒక్కమాట చెప్పలేవూ?”

ఎక్కువ పట్టడం లేదని మాత్రమే చెబితే, మరి చేపలు ఏమయ్యాయని రాజు అడుగుతాడు. అదీ మరిడి భయం.

రెండో రోజు మంచు మరింత దిగింది. మధ్యాహ్నానికి రాజుకి ఒక పసుపుచారల చేప పడింది. నుదురు తట్టి వదిలాడు. అది పడవ పక్కనే వెల్లకిలా తేలింది. శంఖం ఊదేవాడు ఊపిరి తీసుకున్నాడు.

మరిడి గుండె గట్టి చేసుకుంది. “ప్రభూ, ఆ చేప దిగలేదు.”

పడవలో అందరూ తిరిగి ఆమెని చూశారు. రాజు కూడా చేపని చూశాడు. “అవును. ఎందుకు దిగలేదు?”

కీర్తివల్లభుడు తడుముకోలేదు. చేతులు జోడించి నవ్వాడు. “ఎలా దిగుతుంది మహాప్రభూ! కళ్ళు ఎంతేసి చేసుకుని తమనే చూస్తోందో చూడండి! విడిచి వెళ్ళలేకపోతోంది. నోరు తెరిచి ఏదో చెప్పుకోవాలని చూస్తోంది. నోరులేని జీవం చేసే స్తోత్రం ఇలాగే ఉంటుంది!”

తెడ్డువాళ్ళు ఆహా అన్నారు. రాజు మెత్తబడ్డాడు. అయినా ఏదో అనుమానం ఆయన ముఖంలో ఒక్క క్షణం నిలిచింది. మరిడి వైపు తిరిగాడు.

“మరిడీ, ఇలా ఇంతకుముందు ఎప్పుడైనా చూశావా?”

ఇప్పుడు చెప్పాలి. ఒక్క మాట చాలు. చూశానంటే ఎప్పటినుంచి అంటారు. ఏడేళ్ళనుంచి అంటే, మరి ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావంటారు.

“లేదు ప్రభూ,” అంది మరిడి. “ఇవాళే.”

“అలాగైతే అది ఒక్కదాని ప్రేమే,” అన్నాడు రాజు. శంఖం మోగింది. పూలు పడ్డాయి. పడవ సాగిపోయింది.

సగం నిజం చెప్పింది, సగం మింగేసింది. ఆ మింగిన సగం చేపముల్లులా గొంతులో అడ్డంపడింది. ఆ పూట ఆమెకి గంజి కూడా దిగలేదు.

మూడో రోజు వచ్చింది. అలాంటి మంచు ఆ రాజ్యంలో ఎవరూ ఎరగరు. ఆకాశమూ నీళ్ళూ ఒకే బట్టలో చుట్టేసినట్టున్నాయి. మిగతా ఆరు పడవలు భయపడి ఒడ్డునే ఆగిపోయాయి. రాజుగారి పడవ ఒక్కటే, మరిడి చుక్కాని నమ్ముకుని రాళ్ళ ఊరి మీదకి వచ్చింది. తెడ్డు ముంచితే చప్పుడు రాలేదు. మాట్లాడితే ఆ మాట తిరిగి తమ చెవులకే మెల్లగా వచ్చేది, వేరెవరో అన్నట్టు.

రాజు దారం వదిలాడు. అది దిగింది, దిగింది, దిగుతూనే ఉంది.

అప్పుడు మంచులోంచి ఒక పెద్ద తెల్లపిట్ట వచ్చి పడవ ముక్కుమీద వాలింది. బాగా బలిసి ఉంది. రెక్కలు సర్దుకుని, రాజుకి వంగి దణ్ణం పెట్టింది.

“ఇంత ఆలస్యమైందేం మహారాజా? పిల్లలు పొద్దున్నుంచీ నోళ్ళు తెరుచుకుని కూర్చున్నారు.”

“ఏ పిల్లలు?” అన్నాడు రాజు, ఉలిక్కిపడి.

“మా పిల్లలండీ. ఏడేళ్ళుగా తమ చేతి కూడు తిని పెరిగినవాళ్ళు.”

“నేను మీకెప్పుడు ఏం పెట్టాను?”

“అయ్యో, ఏం వినయం!” అంది పిట్ట. “మేం నలభై బారల లోతుకి దిగగలమా? తమరే శ్రమపడి అడుగునుంచి తీస్తారు. ఎటూ పారిపోకుండా బాగా ఉబ్బించి, పైన తేలేలా పెడతారు. పైగా పూలు! తర్వాత వెనక్కి కూడా చూడకుండా వెళ్ళిపోతారు. తినేవాళ్ళవైపు చూడకపోవడం, అదండీ మర్యాదంటే. ఇంత మర్యాదగా వడ్డించే రాజు ఏ సముద్రంలోనూ లేడని మా ఆవిడ రోజూ అంటుంది. దయాసముద్రులు తమరు!”

రాజు ముఖం మంచుకన్నా తెల్లబడింది.

“మహాప్రభూ, అది పిట్ట,” అన్నాడు కీర్తివల్లభుడు, గొంతు సవరించుకుని. “కడుపు నిండిన పిట్ట ఏదైనా కూస్తుంది. దాని మాటకి విలువేమిటి?”

రాజు ఆయన్ని చూడలేదు. పడవ చివరకి చూశాడు. “మరిడీ, పిట్ట చెప్పింది నిజమా, మంత్రి చెప్పింది నిజమా?”

మరిడి చుక్కాని వదలకుండానే మరో చేత్తో శాలువా తీసి పక్కన పెట్టింది. చలి ఒక్కసారిగా కొట్టింది.

“పిట్ట చెప్పింది నిజం ప్రభూ. నిన్న నేను చెప్పింది అబద్ధం. నిన్న ఒక్కరోజే కాదు, ఏడేళ్ళుగా చూస్తున్నాను. మీరు వదిలిన చేపల్లో ఇల్లు చేరింది ఒక్కటీ లేదు. పల్లెవాళ్ళ తప్పేమీ లేదు. వాళ్ళ పడవల్లో చేపల్ని దింపే బుట్టలుంటాయి. మొదటి ఏడు నేనూ తెచ్చాను. వద్దన్నారు, మానేశాను.”

“ఏడేళ్ళు!” అన్నాడు రాజు. “ఎందుకు చెప్పలేదు? శాలువా కోసమా?”

“శాలువా కోసమే అని నేనూ అనుకున్నాను. కాదు ప్రభూ. నేను ఒడ్డున దిగేటప్పుడు అందరూ పక్కకి జరిగి దారిస్తారు. ఆ జరగడం కోసం.”

రాజు చెయ్యెత్తాడు. ఏమనబోయాడో, ఏం శిక్ష వేయబోయాడో ఎవరికీ తెలియదు. ఎందుకంటే అప్పుడే దారం బరువెక్కింది.

అది మామూలు బరువు కాదు. పడవే కాస్త ఒరిగింది.

“దారం కోసెయ్యనా?” అన్నాడు రాజు. జీవితంలో మొదటిసారి ఆయనకి చేప పడితే భయమేసింది.

“వద్దు ప్రభూ. కోస్తే గాలం నోట్లోనే ఉండిపోతుంది. మెల్లగా లాగండి.”

లాగారు. నల్లటి నీళ్ళలోంచి మొదట ఒక ఎర్రటి వెలుగు వచ్చింది, తర్వాత చేప వచ్చింది. మూడేళ్ళ పిల్లంత ఉంది. ఒళ్ళంతా ఎరుపు, దవడ దగ్గర మాత్రం ముసలివాళ్ళ గడ్డంలా తెలుపు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. రాజు దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. అది కొట్టుకోలేదు. ఊరికే ఊపిరి తీసుకోవాలని చూస్తోంది.

“దీనికెన్నేళ్ళు మరిడీ?”

“మీ తాతగారికి పట్టం కట్టిన రోజున కూడా ఇది ఈ రాతిలోనే ఉండి ఉంటుంది.”

“బతుకుతుందా?”

“త్వరపడితే. కానీ బుట్ట లేదు.”

పడవంతా వెతికారు. మూడు అడుగుల దూరంలో, కీర్తివల్లభుడి చేతుల్లో, వెదురుతో అల్లిన పూలబుట్ట ఉంది. మరిడి దానివైపు చూసింది. మంత్రి దాన్ని గుండెలకి హత్తుకున్నాడు.

“ఇది పూజకి వాడే బుట్ట!”

“ఇటివ్వండి,” అన్నాడు రాజు. ఆ గొంతు విని మంత్రి ఇచ్చేశాడు. రాజు పూలన్నీ సముద్రంలోకి వంచేశాడు.

మరిడి వేళ్ళు చకచకా కదిలాయి. పడవ అడుగున బరువుకి వేసిన రాళ్ళలోంచి నాలుగు తీసి అంచుకి కట్టింది. వీపుకి లంగరు తాడు ముడేసింది. చేప నోట్లోంచి గాలం తీసి, దాన్ని నీళ్ళలో పెట్టి, పైన బుట్ట బోర్లించింది.

“నేను దింపుతాను,” అన్నాడు రాజు.

పది బారలు. తాడు మంచుముక్కలా ఉంది. ఇరవై బారలు. అరచేతులు కోసుకుపోయాయి. ఆయన కళ్ళు మూసుకున్నాడు. తాడు దిగుతుంటే తనే దిగుతున్నట్టనిపించింది. పైనున్న పడవ, శంఖం, పూలు, పొగడ్తలు అన్నీ ఎక్కడో దూరమైపోయాయి. చుట్టూ పచ్చటి చీకటి. కింద గోపురాలు. ఆ సందుల్లో ఒక్కొక్కటే ఖాళీ గుమ్మం. ఏడేళ్ళుగా తను తలుపు తట్టి పిలిచి, పైకి తీసుకుపోయి, మళ్ళీ దిగబెట్టని వాళ్ళ గుమ్మాలు.

ముప్ఫై బారలు. తాడు కదిలింది. ఎవరో నిద్రలో ఒత్తిగిలినట్టు.

ముప్ఫై ఐదు. ఒక గుంజు. ఇంకొకటి. ఆ తర్వాత తాడు తేలికైపోయింది.

పైకి లాగి చూస్తే బుట్ట ఖాళీ. ఖాళీ బుట్టని చూసి అంత సంతోషపడ్డ రాజు లోకంలో మరొకడు ఉండడు. ఏడుస్తూ నవ్వాడు, నవ్వుతూ ఏడ్చాడు.

“ఇదేం అన్యాయం!” అంది తెల్లపిట్ట. “ఇంటికి వెళ్ళి ఏమని చెప్పను?” రెక్కలు టపటపలాడించుకుంటూ మంచులో కలిసిపోయింది.

“పడవ తిప్పు,” అన్నాడు రాజు.

“మహాప్రభూ, వెనక్కా?” అన్నాడు కీర్తివల్లభుడు.

“వెనక్కే.”

వెళ్ళారు. నిన్నటి పూలు ఇంకా నీళ్ళమీద ఉన్నాయి. పూల మధ్య చేపలు. కొన్నిటిని పిట్టలు తినేశాయి. రెండింటిలో మాత్రం ఇంకా కొనప్రాణం ఉంది. వాటినీ దింపారు. ఒకటి బుట్టలోనే చచ్చిపోయింది. ఒకటి వెళ్ళిపోయింది. చచ్చిపోయినదాన్ని రాజు ఒళ్ళో పెట్టుకుని ఒడ్డుకి తెచ్చాడు.

ఒడ్డున పొద్దు గూకుతోంది. పల్లె పడవలన్నీ ఇసకమీదికి లాగేసి ఉన్నాయి. భటులు తెడ్లని మోకాళ్ళమీద పెట్టుకుని, విరవడానికి శంఖం ఎప్పుడు మోగుతుందా అని చూస్తున్నారు. పైడమ్మ తన తెడ్డుని ఒక చివర పట్టుకుని వదలడం లేదు. రెండో చివర పట్టుకున్న భటుడు బతిమాలుతున్నాడు.

“వదలమ్మా. రాజాజ్ఞ.”

“నువ్వు వదలరా బాబూ. నీ రాజాజ్ఞ మా పొయ్యిమీద పెడితే ఉడుకుతుందా?”

రాజు తడిసిన బట్టలతో, నెత్తురోడే అరచేతులతో పడవ దిగాడు. శంఖం ఊదనివ్వలేదు.

“తెడ్లు ఇచ్చెయ్యండి,” అన్నాడు. తర్వాత పల్లె జనం ముందు నిలబడి, చేతుల్లోని చచ్చిన చేపని అందరికీ కనిపించేలా పట్టుకున్నాడు. “రాళ్ళ ఊరిని ఖాళీ చేసింది మీరు కాదు. నేను. దయ అనుకుంటూ చేశాను.”

జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అప్పుడు మరిడి పడవలోనే ఉండిపోయి ఉంటే ఎవరూ అడిగేవాళ్ళు కాదు. రాజు తప్పు ఒప్పుకుంటుంటే సరంగుని ఎవరు పట్టించుకుంటారు? కానీ గొంతులో ముల్లు ఇంకా సగం అక్కడే ఉంది.

ఆమె దిగి వచ్చింది. “నేను కూడా,” అంది. “నాకు ఏడేళ్ళుగా తెలుసు. చెప్పలేదు.”

పైడమ్మ తెడ్డు వదిలేసింది. “ఏడేళ్ళా?” అంది. ఆ నోటినుంచి అంత చిన్న గొంతు ఎవరూ ఎప్పుడూ వినలేదు. “మేం చలికాలంలో పిల్లలకి గంజినీళ్ళు పోసిన ఏడేళ్ళా?”

“అవునత్తా.”

ఎవరూ పక్కకి జరగలేదు. మరిడి తలవంచుకుని అక్కడే నిలబడింది.

“ఈమెకి ఏం శిక్ష వేయమంటారు?” అని రాజు పల్లెని అడిగాడు. “నాకు ఆ అర్హత లేదు.”

పైడమ్మే ముక్కు చీది మాట్లాడింది. “శిక్ష నేనేస్తాను. రేపట్నుంచి కూర్చుని బుట్టలల్లు. పాతవన్నీ చిల్లులు పడ్డాయి. పడవకొకటి. రాజుగారి పడవకి రెండు.” కాస్త ఆగి, “గంజి తాగావా లేదా?” అంది.

“లేదత్తా.”

“మొహం చూస్తేనే తెలుస్తోంది. నడు.”

ఆ తర్వాత విడుపు పండుగకి పూలూ లేవు, శంఖమూ లేదు. రాజు మాత్రం మంచుమాసంలో వచ్చేవాడు, ఒక మామూలు పడవలో. గాలం వేయడమంటే ఆయనకి ప్రాణం కదా, అది ఎక్కడికి పోతుంది? కానీ రోజుకి ఒక్క చేపే. ఎందుకంటే ఒక చేపని సరిగ్గా ఇంటికి దింపడానికి ఒక పూట పడుతుంది. తాడు పట్టే పని కీర్తివల్లభుడికి ఇచ్చాడు. మొదటి ఏడు మంత్రిగారి చేతులు బొబ్బలెక్కాయి. రెండో ఏడు కాయలు కాశాయి. మూడో ఏట నుంచి, తాడు తేలికైనప్పుడు అందరికన్నా ముందు “వెళ్ళింది, వెళ్ళింది!” అని చిన్నపిల్లాడిలా అరిచేది ఆయనే.

రాళ్ళ ఊరు మాత్రం వెంటనే నిండలేదు. ఒప్పుకున్నంత మాత్రాన పోయినవి తిరిగి రావు కదా. ఇరవై చలికాలాలు పట్టింది. ఈలోగా రాజుకి గడ్డం నెరిసింది, మరిడికి పాపిట దగ్గర తెల్లవెంట్రుకలు వచ్చాయి, పల్లెవాళ్ళు కొన్ని ఏళ్ళు సగం కడుపుతోనే పడుకున్నారు. ఇరవై ఒకటో ఏట ఒక పొద్దున్న, మంచులో, రాజు దారం వదిలాడు. అది అడుగుని తాకేలోపే ఒకసారి వణికింది. ఇంకోసారి వణికింది. కింద గుమ్మాల్లోంచి ఒకరి తర్వాత ఒకరు తొంగిచూసి, ఎవరొచ్చారోనని తాకి వెళుతున్నట్టు ఆగకుండా వణుకుతూనే ఉంది. రాజు గాలం లాగలేదు. వేలిమీద దారం పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఎండ వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు.

కాబట్టి పిల్లలూ, చేతిలోంచి వదిలేస్తే దయ చేసినట్టు కాదు, చేరవలసిన చోటికి చేరిందో లేదో చూసుకుంటేనే అది దయ. నిజమూ అంతే, సగం చెప్పి వదిలేస్తే అది ఎవరినీ కాపాడదు.